పసుపు టీ తాగగలిగేలా ఎలా కాయాలి? మోకాళ్ల నొప్పికి పనిచేస్తుందా?

సాగరతీరం (విశాఖపట్నం)
అందరికీ నమస్కారం. మా ఆఫీసు కింద కాఫీ షాపులో పసుపు లాటే అని అమ్ముతున్నారు. రుచి బాగానే ఉంది కానీ ఆ ధర చూస్తే కడుపు మండింది. మనమే కాచుకుందామని నీళ్లు మరిగించి అరచెంచా పసుపు వేశాను. పచ్చివాసన, గొంతులో గరగర, కప్పు అడుగున మడ్డి. అమ్మ ఒక్క గుక్క తాగి, "పప్పులోకి ఎసరు పెట్టావా?" అని పక్కన పెట్టేసింది.

ఈ గొడవంతా అమ్మ కోసమే. ఆవిడకి 64 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పే. పార్కులో కలిసి నడిచే వాళ్లు వాట్సాప్‌లో ఒకటి పంపారు. రోజూ పసుపు టీ తాగితే నొప్పి మాత్రలు మానేయొచ్చట, షుగరు దిగుతుందట, క్యాన్సర్ దగ్గరికే రాదట. జాబితా ఇంకా చాలా ఉంది. తాగబుద్ధయ్యేలా ఎలా కాయాలో, ఆ జాబితాలో నిజమెంతో తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి పిన్ని
అమ్మాయ్, పసుపు నేరుగా మరిగే నీళ్లలో పోస్తే ఎవరు కాచినా అలాగే ఉంటుంది. పోపులో పసుపు నూనెలో పడ్డాకే కదా పచ్చివాసన పోయేది, ఇక్కడా అంతే. గిన్నెలో పావుచెంచా నెయ్యి వేసి, సన్నసెగ మీద పావుచెంచా పసుపు వేసి ఒక్కసారి తిప్పు. రంగు ముదిరితే మాడినట్టే, పారబోసి మళ్లీ మొదలెట్టు. వెంటనే గ్లాసున్నర నీళ్లు పోసి, దంచిన అల్లం ముక్క, కచ్చాపచ్చాగా నలిపిన మిరియాలు ఐదారు వేసి, గ్లాసుకి దిగేదాకా మరగనీ. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. దించాక కాసేపు కదపకుండా ఉంచితే మడ్డి కిందకి దిగుతుంది. పైన తేటని పలచటి గుడ్డలో వడకట్టు. టీ జల్లెడ సరిపోదు, పసుపు అందులోంచి జారిపోతుంది.

బెల్లం, నిమ్మరసం దించాకే. తేనె అయితే తాగేంత వేడికి చల్లారాక. పాలతో కావాలంటే నీళ్లు తగ్గించి, చివర్లో పాలు పోసి ఒక పొంగు రానిచ్చి దించు. బెల్లం మాత్రం స్టవ్ మీద ఉండగా వేయకు, పాలు విరుగుతాయి. దాల్చినచెక్క చిన్న ముక్క వేస్తే మీ కాఫీ షాపు వాసనే వస్తుంది.

బాల్కొండ అన్న (నిజామాబాద్ జిల్లా)
పిన్ని జెప్పింది మంచిగుంది గని ఏ పసుపు ఏస్తున్నరో ఎవ్వలు అడగలే. మాకు జనవరి నుంచి మార్చి దాకా ఇదే పని. తవ్విన దుంపలు ఉడకబెట్టి, రెండు వారాలు ఎండల పోసి, డ్రమ్ముల ఏసి తిప్పుతం. పైపొట్టు పోయి నున్నగ అయితయి. గా కొమ్ములు తెచ్చుకొని గిర్నీల పట్టియ్యున్రి. ఇంటికి ఏడాదికి కిలో, కిలోన్నర సాలు. ప్యాకెట్ పొడికీ దీనికీ వాసనలనే ఫరక్ తెలుస్తది.

పచ్చి పసుపు దొరికే టైముల అయితె ఇంక మంచిది. ఏలంత ముక్క తురిమి మరగబెడితె గరగర ఉండది. చేతులు, చాకు, చెక్క అన్ని పచ్చగ అయితయి, మీ ఇష్టం. వాసన మంచిగుందని కస్తూరి పసుపు ఏస్కోకున్రి, అది మొకానికి పూసుకునేది.

కడప కుర్రోడు
మేఘాలయ లకడాంగ్ పసుపు వాడి చూడండి. అందులో పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్ మామూలు పసుపుకి రెట్టింపు ఉంటుంది.

బాల్కొండ అన్న
ధర గూడ రెట్టింపు కన్న ఎక్కువనే ఉంటది తమ్మి.

మందుల శ్రీను (హైదరాబాద్)
నేను ఫార్మసిస్టుని, డాక్టర్‌ని కాదు. ఇది దృష్టిలో పెట్టుకుని చదవండి.

మనం పొగిడే గుణాలన్నీ ఎక్కువగా కర్కుమిన్ అనే పదార్థం పేరు మీద నడుస్తున్నాయి. పసుపుకి ఆ రంగు ఇచ్చేదీ అదే. మామూలు పసుపు పొడిలో అది సుమారు 3 శాతం. పావుచెంచా పొడి ముప్పావు గ్రాము అనుకుంటే, అందులో కర్కుమిన్ ఇరవై మిల్లీగ్రాముల పైచిలుకు. ఇక చిక్కంతా ఎక్కడంటే, అది నీళ్లలో దాదాపు కరగదు. పిన్నిగారు గుడ్డలో పట్టి పారేయమన్న ఆ మడ్డిలోనే అసలు సరుకు చాలావరకు ఉండిపోతుంది. రుచి కోసం వడకట్టండి, కానీ మందు అనుకుని తాగితే మాత్రం మందుని సింకులో పోసినట్టే.

కొవ్వులో కరుగుతుంది కాబట్టి నెయ్యి, పాలు వేయడంలో అర్థం ఉంది. కాసేపు వేడి చేస్తే నీళ్లలోకి కొంచెం ఎక్కువ దిగుతుందని ప్రయోగాల్లో తేలింది. ఆరోగ్యం కదా అని అరగంట కాచేవాళ్లూ, కుక్కర్లో పెట్టేవాళ్లూ ఉన్నారు, అది వద్దు. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ వాళ్లు వంట పద్ధతులను బట్టి చూస్తే వేడికి 27 నుంచి 53 శాతం దాకా కర్కుమిన్ పోయింది. అన్నిటికంటే ఎక్కువ పోయింది కుక్కర్లో పది నిమిషాలు ఉడికించినప్పుడు.

మిరియాల కథ కూడా చెప్తాను. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూశారు. పైపరిన్ అంటే మిరియాల్లో ఘాటునిచ్చేది. ఒంటికి పట్టడం 2000 శాతం పెరిగింది. ఇప్పుడు ప్రతి వాట్సాప్ సందేశంలో తిరిగే అంకె ఇదే. వాటిలో రాయనిది ఒకటుంది: మిరియాలు లేకుండా ఇచ్చినప్పుడు రక్తంలో కర్కుమిన్ దాదాపు కనపడనే లేదు. ఏమీ లేనిదానికి ఇరవై రెట్లు అంటే ఎంతో మీరే ఆలోచించండి.

సాగరతీరం
పిన్నిగారూ, నెయ్యి చిట్కా అద్భుతం. అమ్మ ఈసారి కప్పు ఖాళీ చేసింది! శ్రీను గారూ, అయితే మడ్డితో సహా తాగమంటారా? మరి మోకాళ్ల సంగతి?

గోదారి గట్టు
మా నాన్నగారికి తగ్గిందండీ. నమ్మినా నమ్మకపోయినా రోజూ పరగడుపున పసుపు టీ తాగి, మెట్లెక్కడం మొదలుపెట్టారు.

లెక్కల మాస్టారు
గట్టు గారూ, నాన్నగారు ఆ రోజుల్లో ఇంకేమైనా మార్చారా? ఫిజియోథెరపీ, బరువు, పొద్దున్న తీపి టీ మానడం లాంటివి?

గోదారి గట్టు
చక్కెర టీ మానేశారు. బరువు తగ్గారు. వ్యాయామాలు కూడా చేస్తున్నారు. కానీ పసుపు టీ మొదలుపెట్టాకే అవన్నీ చేశారండీ.

లెక్కల మాస్టారు
అలాగైతే ఆ టీ చేసిన మేలు చిన్నదేం కాదు. మోకాలికి ఏది పనిచేసిందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

మందుల శ్రీను
మోకాళ్ల మీద జరిగిన మంచి పరీక్షల్లో ఒకటి థాయ్‌లాండ్‌ది, 2014లో అచ్చయింది. మోకాళ్లు అరిగిన 367 మందిలో కొందరికి రోజుకి 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, మిగతావాళ్లకి 1200 మిల్లీగ్రాముల ఐబూప్రొఫెన్ అనే నొప్పి మాత్ర, నాలుగు వారాలు ఇచ్చారు. నొప్పి తగ్గడంలో సారం ఆ మాత్రకి తీసిపోలేదు. కడుపు ఇబ్బందులు సారం వాడినవాళ్లలో తక్కువ. 2023లో, అదీ థాయ్‌లాండ్ నుంచే, అజీర్తి మీద ఇంకొకటి వచ్చింది. రోజుకి 2 గ్రాముల కర్కుమిన్ ఎసిడిటీ మందు ఒమెప్రజోల్‌తో సమానంగా పనిచేసిందన్నారు.

కాబట్టి పసుపులో ఏమీ లేదని నేను అనను. ఆ పరీక్షల్లో ఇచ్చింది సారం నింపిన క్యాప్సూళ్లు. కప్పుకి ఇరవై మిల్లీగ్రాముల లెక్కన 1500 అందాలంటే డెబ్బై ఐదు కప్పులు తాగాలి, అదీ మడ్డితో సహా. మరోవైపు 2017లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞులు కర్కుమిన్ పరిశోధనలన్నిటినీ తిరగేసి ఒక పెద్ద సమీక్ష రాశారు. ఎవరికి ఏది ఇచ్చారో ఇరుపక్షాలకూ తెలియకుండా, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన పరీక్షల్లో ఒక్కటి కూడా గట్టిగా నెగ్గలేదని తేల్చారు. ఇంకో మెలిక కూడా చూపించారు. ఈ పదార్థం తనకు తానే మెరుస్తుంది, కనపడ్డ ప్రొటీన్లకల్లా అంటుకుంటుంది. దాంతో గాజుగొట్టంలో చేసే పరీక్షలు చాలా జబ్బులకి "పనిచేస్తుంది" అని తప్పుగా చూపిస్తాయి. క్యాన్సర్ కణాలను చంపేసిందన్న వార్తలు చాలామటుకు అలాంటి చోట నుంచి వచ్చినవే.

పాతకాపు
మన తాతముత్తాతలు ఏ పేపరు చూసి పసుపు పాలు తాగారు? దెబ్బ తగిలితే పసుపు అద్దడం మనకి పుట్టుకతో తెలుసు. దాన్నే అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ వాళ్లు 1995లో పేటెంటు తెచ్చేసుకున్నారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ కొట్లాడి 1997లో రద్దు చేయించింది. అప్పుడు దానికి మాషేల్కర్ గారు డైరెక్టర్ జనరల్. వాళ్లే ఒప్పుకున్నాక ఇంకా థాయ్‌లాండ్ లెక్కలెందుకు?

లెక్కల మాస్టారు
పాతకాపు గారూ, ఆ కేసు మనకి గర్వకారణమే. ఎవరూ కాదనరు. అయితే అక్కడ తేలింది గాయం మానుతుందా లేదా అన్నది కాదు. "ఇది కొత్త సంగతేమీ కాదు, భారతదేశంలో ఎప్పటినుంచో వాడుకలో ఉంది" అని మనవాళ్లు పాత గ్రంథాలు, వ్యాసాలు చూపించారు. కొత్తదనం లేదని పేటెంటు పోయింది. వాడుకలో ఉందని రుజువైంది గానీ, ఎంత పనిచేస్తుందన్న ప్రశ్న ఆ కేసులో రానేలేదు.

పాతకాపు
సరే మాస్టారూ, అది ఒప్పుకుంటాను. కానీ 2020లో కరోనా మొదలైనప్పుడు ఆయుష్ శాఖ కూడా 150 మిల్లీలీటర్ల వేడి పాలలో అరచెంచా పసుపు వేసుకుని తాగమంది కదా.

తెనాలి పిన్ని
అన్నయ్యగారూ, ఆ పాలు మా ఇంట్లో ఇప్పటికీ రాత్రిళ్లు కాస్తాం. జలుబు చేస్తే మిరియాలు ఎక్కువ. గొంతుకి హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది. దానికి పరీక్షలు ఎవరు చేసినా చేయకపోయినా నేను మానను. మోకాళ్లకి మాత్రం డాక్టర్ దగ్గరికే వెళ్తాను.

నిర్వాహకులు
పసుపు క్యాప్సూళ్ల అమ్మకం లింకు పెట్టిన సందేశం తొలగించాం. మళ్లీ పెడితే ఖాతా మూసేస్తాం.

ఎడిసన్ అత్తయ్య (న్యూజెర్సీ)
ఆ లింకు తీసేసి మంచి పని చేశారు. ఇక్కడ మందుల షాపులో విటమిన్ల పక్కనే వరసగా ఉంటాయి, చీటీ అక్కర్లేదు. మా చుట్టాల్లో ఒకావిడ కీళ్లనొప్పులకని మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూళ్లు నెలల తరబడి వేసుకుంది. కళ్లు పచ్చబడి ఆసుపత్రిలో చేరితే లివర్ ఎంజైములు విపరీతంగా పెరిగిపోయాయి. డాక్టర్ అడిగితే "మందులేం వాడట్లేదండీ" అందట. పసుపుని మందుగా లెక్కేస్తే కదా చెప్పడానికి! ఆపేశాక మెల్లగా కుదుటపడింది.

మందుల శ్రీను
అత్తయ్యగారూ, ఇది మీ చుట్టాలావిడ ఒక్కరి కథ కాదు. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు సేకరించే వైద్యుల బృందం 2022లో పసుపు సప్లిమెంట్లతో ముడిపడ్డ పది కేసుల వివరాలు వెల్లడించింది. వాళ్లలో ఏడుగురికి ఒకే రకం రోగనిరోధక జన్యువు ఉంది. అంటే అందరికీ రాదు, ఎవరికి వస్తుందో ముందు చెప్పలేం. అంతకుముందు ఇటలీలోనూ ఇలాంటివి బయటపడ్డాయి. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరిక జారీ చేసింది. మిరియాలు కలిపితే ఒంటికి ఎక్కువ పడుతుందని మురిసిపోతాం కదా, అపాయం ఎక్కువయ్యే దారి కూడా అదే కావచ్చు. కూరలో పసుపుతో ఈ భయం లేదు.

సాగరతీరం
ఇది చదివాక భయమేసి ఒక మాట అడుగుతున్నాను. అమ్మకి రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతోంది. టీ కూడా ఆపేయాలా?

మందుల శ్రీను
అమ్మా, ఇది మొదటి సందేశంలోనే రాయాల్సిన సంగతి! కర్కుమిన్‌కి రక్తఫలకికలు (ప్లేట్‌లెట్లు) అతుక్కోకుండా ఆపే గుణం కొంత ఉంది. అమ్మగారు వేసుకునే మాత్ర పనీ అదే. పావుచెంచా పసుపుతో ఒక కప్పు అంటే కూరల్లో తినేదానికి కాస్త అటూఇటూ, దానికి కంగారుపడక్కర్లేదు. అయినా ఈసారి గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "రోజూ పసుపు టీ తాగుతోంది" అని ఒక్క ముక్క చెప్పండి. క్యాప్సూళ్ల జోలికి మాత్రం ఆయన్ని అడక్కుండా వెళ్లొద్దు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకి ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

ఇంకొందరు కూడా చూసుకోవాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, ఎందుకంటే పసుపు పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది. ఆక్సలేట్ రాళ్లతో కిడ్నీ బాధ పడ్డవాళ్లు, పసుపులో ఆక్సలేట్ బాగా ఉంటుంది. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లు టీతో పాటు వేసుకోవద్దు, ఇనుము ఒంటికి పట్టదు. మూర్ఛకి ఫెనిటాయిన్ వాడేవాళ్లు మిరియాలు గుప్పించొద్దు. ఆ మందు రక్తంలో పెరుగుతుంది.

నొప్పి మాత్రల గురించి కూడా డాక్టర్‌నే అడగండి. స్టెంట్ ఉన్నవాళ్లకి అన్ని నొప్పి మాత్రలూ పనికిరావు. వాట్సాప్ చూసి ఉన్నపళాన ఏదీ మానొద్దు.

సాగరతీరం
అలాగే చేస్తాను శ్రీను గారూ. క్యాప్సూళ్లు వద్దులెండి. పిన్నిగారి టీ చాలు.

ల్యాబు రమణి
నేను ఆహార పరీక్షల ల్యాబులో పనిచేశాను. పైన ఒకరు కొమ్ములు కొనుక్కోమన్నారు, కొమ్ములైతే కల్తీ ఉండదని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. లెడ్ క్రోమేట్ అని పసుపుపచ్చటి రంగు పదార్థం ఉంది, అందులో సీసం ఉంటుంది. దాన్ని పొడిలో కలపడమే కాదు, కొమ్ములకి మెరుగు పెట్టేటప్పుడే పైన పూస్తారు. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకి పంట తడిసి రంగు పోతే, మెరుపు కోసం ఇది మొదలుపెట్టారు. అదే అలవాటైపోయింది. 2019లో అక్కడి మార్కెట్లో తీసిన నమూనాల్లో 47 శాతం దాకా సీసం బయటపడింది. ప్రభుత్వం దాడులు చేసి, వ్యాపారులకి జరిమానాలు వేసి, ఊరూరా చెప్పించాక 2021కి అది సున్నాకి వచ్చింది.

మన దేశంలో పసుపు పొడికి సీసం పరిమితి కిలోకి 10 మిల్లీగ్రాములు. 2024లో అచ్చయిన ఒక అధ్యయనంలో పట్నా నమూనాలు కొన్ని దానికి వంద రెట్లు దాటాయి. రోజూ టీ తాగాలనుకునేవాళ్లు మిరియాలు ఎన్ని అని కాదు, ముందు ఇది అడగాలి. చిన్నపిల్లలున్న ఇల్లయితే మరీను.

బాల్కొండ అన్న
అక్కా, మా దిక్కు గసొంటి పని చెయ్యరు. డ్రమ్ముల తిప్పేటప్పుడు రంగు కోసం పసుపు పొడినే నీళ్లల్ల కలిపి సల్లుతరు, గంతే. రైతు మీద పడేస్తె ఎట్ల? 2025 సంక్రాంతికి నిజామాబాద్‌ల పసుపు బోర్డు తెరిచిన్రు. గీ కల్తీ పట్టుడు గూడ వాళ్లు చూసుకుంటే మా పసుపుకు ఇంక పేరొస్తది.

ల్యాబు రమణి
అన్నా, రైతుల్ని అనలేదు. రైతు చెయ్యి దాటాక మధ్యలో ఎన్ని చేతులు మారుతుందో మీకే బాగా తెలుసు. మీలాంటి వాళ్ల దగ్గర నేరుగా కొంటే అదే మంచి మార్గం. కళ్లు జిగేల్మనేలా ఉన్న కొమ్ముల కంటే కాస్త మట్టిరంగుగా ఉన్నవి నయం అని నా అభిప్రాయం.

కడప కుర్రోడు
నీళ్లలో వేస్తే తెలిసిపోతుందంటారు కదా మేడమ్?

ల్యాబు రమణి
సగమే. గ్లాసు నీళ్లలో చెంచా పొడి వేసి కదపకుండా ఉంచితే, మంచి పసుపు అడుక్కి దిగి పైన నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. నీళ్లన్నీ చిక్కటి పసుపు అయిపోతే కృత్రిమ రంగు కలిపారని అనుమానించొచ్చు. లెడ్ క్రోమేట్ నీళ్లలో కరగదు, కాబట్టి ఈ పరీక్షకి దొరకదు. దానికి ల్యాబే దారి. పది ఇళ్లవాళ్లు కలిసి ఏడాదికి సరిపడా కొమ్ములు ఒకేచోట కొని, ఒక నమూనా గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపితే ఖర్చు పంచుకోవచ్చు. మా అపార్ట్‌మెంటులో అలాగే చేస్తాం.

తెనాలి పిన్ని
రమణీ, ఇది మంచి ఆలోచన. మా వీధిలో చెప్తాను. దుగ్గిరాల పసుపు యార్డు మాకు దగ్గరే.

టోక్యో తెలుగమ్మాయి
ఇక్కడ ఒకినావా వైపు పసుపు టీ బాగా తాగుతారండీ, ఉకోన్ చా అంటారు. సూపర్ మార్కెట్లో సీసాల్లో చల్లగా కూడా దొరుకుతుంది. మిరియాలు, నెయ్యి ఏమీ ఉండవు. చేదుగా ఉంటుంది. మందు పార్టీకి ముందు తాగే పసుపు డ్రింకులు వేరే ఉన్నాయి, ఆఫీసులో అందరి చేతుల్లోనూ అవే!

కడప కుర్రోడు
అక్కా ఆ పార్టీ డ్రింకు పనిచేస్తుందా?

టోక్యో తెలుగమ్మాయి
మర్నాడు పొద్దున మా మేనేజర్ మొహం చూస్తే పనిచేసినట్టు లేదు తమ్ముడూ.

సాగరతీరం
ఇంకొక్క సందేహం. తెల్ల పింగాణీ కప్పులన్నీ పచ్చబడ్డాయి. సోడా ఉప్పు వేసి తోమితే మరక ఎర్రగా మారింది, ఇంకా భయపడ్డాను.

తెనాలి పిన్ని
పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవ్వదూ? సోడా ఉప్పుకీ సబ్బుకీ అంతే. భయం లేదు, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుకి తిరుగుతుంది. తర్వాత కప్పు కడిగి ఎండలో పెట్టు. చీర మీద పడ్డ పసుపైనా ఎండకే పోతుంది.

మందుల శ్రీను
పిన్నిగారు చెప్పింది అక్షరాలా నిజం. కర్కుమిన్ వెలుతురుకి తట్టుకోలేదు. పసుపు డబ్బా కూడా అందుకే కిటికీ దగ్గర పెట్టొద్దు, గాజు సీసా అయితే అల్మారా లోపలే.

బాల్కొండ అన్న
పచ్చి పసుపు కావాలంటె జనవరి ఆఖరుకు అడుగున్రి, తవ్వుడు షురూ అయినంక చెప్త.

సాగరతీరం
నాకు అరకిలో రాసుకోండి అన్నా. విశాఖకి పంపగలరా?